ఎట్ల పగిలిందో చెప్పు

మాస్టర్ పోయారన్న ఫోన్ పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున వచ్చింది. నేను వంటింట్లో టీ వడకడుతున్నాను. ఫోన్ పక్కన పెట్టి, టీ గిన్నె దించి, గచ్చు మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ పరుగెత్తుకొచ్చి అడిగిన మొదటి మాట, "ఉద్యోగం రాలేదా?"

ఒక కంపెనీ నుంచి ఆ వారం నాకు కబురు రావాల్సి ఉంది. ఇంట్లో అందరి ప్రాణాలూ దాని మీదే ఉన్నాయి. హాల్లోంచి నాన్న కూడా అందుకున్నారు. "రాకపోతే ఇంకోటి వస్తుంది. దానికి ఏడుపెందుకూ?"

"మాస్టర్ పోయారు," అన్నాను.

"ఏ మాస్టారే? మీ స్కూలు లెక్కల మాస్టారా? అయ్యో పాపం!"

"కాదమ్మా. యూనివర్సిటీలో గాజు మాస్టర్."

"ఓ, ఆయనా," అంది అమ్మ. ఆ మాటతో పాటు ఒక నిట్టూర్పు కూడా వచ్చింది. గండం తప్పినప్పుడు వచ్చే నిట్టూర్పు. మా అమ్మ చెడ్డ మనిషేం కాదు, వీధిలో ఎవరింట్లో కష్టమొచ్చినా క్యారియర్ సర్దుకుని బయలుదేరుతుంది. కానీ ఆ నిట్టూర్పు నాకింకా మింగుడుపడలేదు.

నా గురించి మా ఇంట్లో ఒక అభిప్రాయం ఎప్పుడో స్థిరపడిపోయింది. నాకు నిలకడ లేదట. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, రెండేళ్లలో రెండు ఉద్యోగాలు వదిలేశాను కాబట్టి సాక్ష్యాలు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. నాన్న దానికి ఇంకో మాట కలుపుతారు. "నీకున్న అదృష్టం నీకు తెలీదమ్మాయ్." తార్నాకలో సొంత ఇల్లు, నడిచి వెళ్లే దూరంలో యూనివర్సిటీ, కోరుకున్న చదువు, అడ్డు చెప్పని తల్లిదండ్రులు. వేళ్లు మడిచి మరీ చెబుతారు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అయితే అదృష్టం అనే మాటను ఆయన నన్ను కోప్పడటానికి తప్ప ఎప్పుడూ వాడలేదు. ఆ మాటను ఒక మనిషి సంతోషంగా తన గురించి తాను అనుకోవడం నేను మొదటిసారి విన్నది మాస్టర్ నోటనే. ఆయన్ను తెలియనివాళ్లకు ఆయన గురించి చెప్పాలనిపించడానికి అదొక్కటి చాలు.

ఆయన మా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో గ్లాస్ బ్లోయర్. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని ఎమ్మెస్సీలో చేరేదాకా నాకూ తెలీదు. ప్రయోగశాలలో వాడే గాజు గొట్టాలు, ఫ్లాస్కులు పగిలితే అతికేది ఆయనే. ఎవరి పరిశోధనకైనా బజారులో దొరకని ఆకారం కావాలంటే కాగితం మీద బొమ్మ గీసుకుని ఆయన దగ్గరికే వెళ్లాలి. గాజును మంటలో మెత్తబరిచి, నోటితో ఊది, ఆ బొమ్మలో ఉన్నట్టే చేసిచ్చేవారు. డిపార్ట్‌మెంట్ వెనక, స్టోర్ రూమ్ దాటాక, ఒక రేకుల గది. అందులో ఫ్యాన్ ఉండేది కాదు. గాలి తగిలితే మంట వంగుతుంది. ఏప్రిల్లో కూడా ఆయన అదే గదిలో, గ్యాస్ మంట బుస్సుమంటుంటే, ఊదా రంగు కళ్లద్దాలు పెట్టుకుని కూర్చునేవారు.

నేను మొదటిసారి వెళ్లింది రెండు ముక్కలైన కండెన్సర్ పట్టుకుని. ఆవిరిని చల్లార్చే పొడవాటి గాజు గొట్టం అది. చున్నీలో దాచుకుని మరీ తీసుకెళ్లాను.

"కింద పడింది మాస్టారూ."

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి జరుపుకుని నావైపు చూశారు. "మాస్టారు అనకు బిడ్డా, బడిపంతులు లెక్క అనిపిస్తది. మాస్టర్ అను చాలు. ఇగ చెప్పు, ఎట్ల పగిలింది?"

"చెప్పాను కదండీ, కింద పడింది."

"ఎక్కడికెంచి?"

"టేబుల్ మీంచి."

ఆయన రెండు ముక్కల్నీ దగ్గరికి చేర్చి, కిటికీ వెలుతురులో ఒక చుట్టు తిప్పారు. "కింద పడ్డది గిట్ల పగలది. చూడు, దారం కట్టి కోసినట్టు గుండ్రంగ పగిలింది. నువ్వు స్టాండుకు బిగించినవ్. ఒక చుట్టు ఎక్కువ తిప్పినవ్. ఏదో తొందర్ల ఉన్నవ్."

నా మొహం కందిపోయింది. "సార్‌తో చెప్పకండి మాస్టర్."

"సార్‌తోని నాకేం పని? నాకు ఎట్ల పగిలిందో కావాలె. నువ్వు అబద్ధం చెప్తే నేను అతుకేసిస్త. నువ్వు మళ్ల గట్లనే బిగిస్తవ్. అది మళ్ల గాడనే పగుల్తది. నా పని ఖరాబు, నీ పని ఖరాబు."

అది ఆయన పద్ధతి. పగలగొట్టినవాళ్లు ఎదురుగా నిలబడి ఉన్నదున్నట్టు చెబితే తప్ప వస్తువు ముట్టుకునేవారు కాదు. ఇందులో చిన్నా పెద్దా లేదు. మాకు పాఠం చెప్పే ఒక పెద్ద ప్రొఫెసర్ ఆ గదిలో చేతులు కట్టుకుని నిలబడి, వేడి ఫ్లాస్కును కుళాయి కింద పెట్టేశానని ఒప్పుకోవడం నేను చూశాను. "ఏం సారూ, పెట్టొద్దని పిల్లలకు చెప్పేది మీరే, పెట్టేది మీరేనా?" అన్నారు మాస్టర్. ప్రొఫెసర్ గారు నవ్వేసి, "మా ఆవిడ కూడా ఇదే అంటుందయ్యా," అన్నారు. ఆ గదిలో ఎవరూ ఎవరినీ తిట్టడం నేను వినలేదు. ఎలా పగిలిందో తెలిశాక ఇక తిట్టడానికి ఏమీ మిగిలేది కాదేమో.

రెండో పద్ధతి, "రేపు రా." ఎంత చిన్న పనైనా, ఎంత బతిమాలినా, చేసిన రోజు ఇచ్చేవారు కాదు. "గాజు ఇప్పుడు మంచిగనే కనపడ్తది. రేప్పొద్దుగాల ఏమంటదో చూడాలె," అనేవారు. అతుకులో ఎక్కడైనా వేడి సరిగ్గా పరుచుకోకపోతే ఆ బిగువు లోపలే ఉండిపోయి తర్వాత ఎప్పుడో టక్కున పగులుతుందట. నాలాంటి తొందర మనిషికి ఆ మాట ఒళ్లు మండించేది.

మర్నాడు కండెన్సర్ తీసుకోవడానికి వెళ్లాను. తీసుకున్నాక వెళ్లిపోబుద్ధి కాలేదు. ఆయన ఒక గొట్టాన్ని రెండు చేతులతో తిప్పుతూ మంటలో పట్టుకున్నారు. గాజు వేడెక్కగానే మంట కళ్లు చెదిరేంత పసుప్పచ్చగా మారుతుంది, లోపల ఏం జరుగుతోందో కనపడదు. "ఆ పసుప్పచ్చ మంటలో మీకెలా కనిపిస్తుంది మాస్టర్?" అని అడిగాను. ఆయన మంట తగ్గించి, తన కళ్లద్దాలు తీసి నాకు పెట్టారు. మళ్లీ మంట పెంచారు. ఆ పసుపంతా మాయమైపోయింది. మంట నడుమ గాజు ఒక్కటే, నారింజ రంగులో, బెల్లం పాకంలా మెల్లగా వంగుతూ కనిపించింది. ఎంతసేపు చూశానో నాకు తెలియదు. మధ్యాహ్నం క్లాసు పోయింది.

అప్పటినుంచి ఖాళీ దొరికితే అక్కడే ఉండేదాన్ని. ఆయన నేర్పుతానని అనలేదు, నేను నేర్పమని అడగలేదు. ఒకరోజు ఒక గాజు కడ్డీ నా చేతిలో పెట్టి, "తిప్పు," అన్నారు. మంట లేదు, ఏమీ లేదు. రెండు చేతులతో, ఒకే వేగంతో, ఆపకుండా తిప్పాలి. కుడిచెయ్యి ముందుకెళ్లి ఎడమచెయ్యి వెనకబడితే, మెత్తబడ్డ గాజు మెలికపడిపోతుంది. వారం రోజులు కడ్డీ తిప్పాను. తర్వాత రెండు పెన్నుల మధ్య రబ్బరు గొట్టం పెట్టి, అది మెలిక పడకుండా తిప్పమన్నారు. బస్‌స్టాపులో, లైబ్రరీలో, ఇంట్లో టీవీ ముందు, అన్నం ముందు కూర్చుని కూడా తిప్పేదాన్ని.

అమ్మకు భయం పట్టుకుంది. "ఏంటే ఆ చేతులు తిప్పడం? నరాల జబ్బేమోనండీ, ఒకసారి డాక్టరుకి చూపిద్దాం," అంది నాన్నతో. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే, "నరాలు బాగానే ఉన్నాయి, దానికి బుద్ధే ఒకచోట నిలవదు," అన్నారు.

ఈ సంగతి మాస్టర్‌కు చెబితే పడీపడీ నవ్వారు. తర్వాత నా చేతులకేసి కాసేపు చూసి, "వచ్చిన కాడికెంచి చూస్తున్న. నీ చేతులు ఊకుంటలేవు. పెన్ను పట్టుకుంటవ్, చున్నీ పట్టుకుంటవ్, తలుపు గడె ఆడిస్తవ్. మంచిదే బిడ్డా. గీ పనికి ఊకుండే చెయ్యి పనికిరాదు. మంటల ఆగిన చెయ్యి గాజును జార్చేస్తది," అన్నారు.

నాకు అప్పటికి ఇరవై ఒకటో ఏడు. కాలు ఆడించకు, గోళ్లు కొరక్కు, కుదురుగా కూర్చో అని పుట్టినప్పటినుంచీ వింటున్నదాన్ని. నా కుదురులేనితనం ఒక పనికి కావలసిన సరుకు అని ఒక మనిషి నాతో అనడం అదే మొదలు. బయటకొచ్చి, క్యాంపస్ రోడ్డు మీద ఒక్కదాన్నే తార్నాక దాకా నడిచాను. బస్సు వచ్చినా ఎక్కలేదు.

ఆయన కథ ముక్కలు ముక్కలుగా తెలిసింది, పని చేస్తూ చెప్పిన మాటల్లో. ఆలేరు దిక్కు ఒక ఊరు. వ్యవసాయం కుటుంబం, నీళ్లు లేని చేను. ఇరవయ్యేళ్లప్పుడు పట్నం వచ్చి, డిపార్ట్‌మెంట్‌లో రోజు కూలీకి ఊడ్చే పనికి కుదిరారు. అప్పుడు గాజు పని చేసే ఆయన్ను అందరూ ఉస్తాద్ అనేవారట. కింద పడ్డ గాజు పెంకులన్నీ ఎత్తి ఒకే డబ్బాలో పోయడం ఈయన పని. కానీ ఎవరూ చెప్పకుండానే ఈయన వాటిని రెండు డబ్బాల్లో వేరుచేసి పోసేవారు. కొన్ని పెంకుల అంచు పట్టి చూస్తే ముదురు ఆకుపచ్చగా, కొన్నిటి అంచు తెల్లగా కనిపించేదట. అవి వేరు జాతులని ఈయనకు తెలియదు. ఊళ్లో గింజలు ఏరినట్టు ఏరారంతే. ఒక సాయంత్రం ఉస్తాద్ ఆ రెండు డబ్బాలూ చూసి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగారు. ఈయన భయపడి చీపురు దాచుకున్నారట.

"చీపురు ఎందుకు దాచుకున్నారు మాస్టర్?"

"ఏమో బిడ్డా, దొరికిపోయిన అనుకున్న. అది ఉస్తాద్ చూడకపోతే నేను మంచి ఊడ్చేటోన్ని అయ్యి రిటైర్ అయ్యేటోన్ని. నా కన్ను నాకు ఉండె. గా కన్ను చూసేటోడు దొరికిండు. నసీబ్‌వాలాని నేను."

అదృష్టవంతుణ్ని అనే ఈ మాట అన్నప్పుడు ఆయన గొంతులో గొప్పలు లేవు, వినయం నటించడమూ లేదు. ఇవాళ టిఫిన్‌లో జొన్నరొట్టె అన్నంత మామూలుగా అనేవారు. సాయంత్రం మంట ఆర్పాక ఆయనకొక అలవాటుండేది. ఇంకా వేడిగా ఉన్న బల్ల మీద రెండు అరచేతులూ బోర్లించి పెట్టి ఒక్క నిమిషం కూర్చునేవారు. "బస్. ఇయ్యాల గూడ దొరికింది," అని లేచేవారు. ఏం దొరికింది మాస్టర్ అని ఒకసారి అడిగితే, ఇంత చదివి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసి, "పని," అన్నారు.

ఇక నా తప్పు గురించి చెప్పాలి. ఆయన పద్ధతి ప్రకారం, ఎలా పగిలిందో ఉన్నదున్నట్టు చెప్పాలి.

అది రెండో సంవత్సరం చివర. చిన్న చిన్న అతుకులు నాకు వచ్చేశాయి. ఆ రోజు మాస్టర్ ఊరెళ్లారు, తాళంచెవి నా దగ్గర పెట్టి వెళ్లారు. పీహెచ్‌డీ చేసే ఒక అక్క ఫ్లాస్క్ పట్టుకుని వచ్చింది, పక్క గొట్టం విరిగింది. సాయంత్రానికి కావాలంది. "నీకొచ్చుగా, చేసెయ్యవే," అంది. ఎలా పగిలిందని నేను అడగలేదు. అడిగేంత పెద్దదాన్ని కాదనుకున్నాను, చేసేంత పెద్దదాన్ననుకున్నాను. గొట్టాల గూట్లోంచి ఒకటి లాగి మంటలో పెట్టాను. ఆ రోజు గాజు ఎంత తొందరగా మెత్తబడిందో! మాస్టర్‌కు కూడా ఇంతకంటే ఎక్కువసేపు పడుతుందే, నా చెయ్యి తిరిగినట్టుంది అనుకున్నాను. అతికాను. నునుపుగా వచ్చింది. అదే సాయంత్రం ఇచ్చేశాను.

మెత్తబడింది నా చేతివాటానికి కాదు. అది ఆకుపచ్చ అంచు గొట్టం, సోడా గాజు. తొందరగా కరుగుతుంది. ఫ్లాస్క్ వేరే జాతి గాజు. ఆ రెండూ వేడికి వేర్వేరుగా సాగుతాయి, చల్లారితే వేర్వేరుగా ముడుచుకుంటాయి, ఎప్పటికీ కలవవు. మామూలుగా చల్లారేలోపే విడిపోతాయి. నాది మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగి, ఆ అక్క మూడు వారాలుగా తయారుచేసుకున్న పదార్థం అందులో ఉండగా పగిలింది. మొత్తం బల్ల పాలైంది. ఆ అక్క కారిడార్‌లో గోడకు ఆనుకుని కూర్చుంది, అంతే.

మూడో రోజు మాస్టర్ వచ్చారు. అప్పటికే విషయం పైదాకా వెళ్లింది. ఆ అక్క చేత పీహెచ్‌డీ చేయించే గైడు మా గాజు గదికి వచ్చి, "ఎవరు చేశారిది?" అని గట్టిగా అడిగారు. నేను నోరు తెరిచేలోపు మాస్టర్, "నా బల్ల మీద చేసింది సారూ. నా పనే," అన్నారు. రిటైర్మెంటుకు రెండు నెలలు కూడా లేని మనిషి, ఉద్యోగంలో మొదటిసారి మాట పడ్డారు.

గైడు వెళ్లాక నేను ఏడుపు మొదలుపెట్టాను. "ఏడుపు తర్వాత. ఎట్ల పగిలిందో చెప్పు," అన్నారు. మొదటినుంచి చెప్పాను. అడగకపోవడం, గొట్టం అంచు చూడకపోవడం, గాజు తొందరగా లొంగితే నా గొప్పనుకోవడం, రేపు రమ్మనకపోవడం. అంతా విని, "ఇగ మంచిగైతది," అన్నారు. ఆ వారమంతా నా చేత పాత పెంకుల పెట్టె రెండు డబ్బాల్లోకి ఏరించారు, అంచు పట్టి చూసి, ఒక్కొక్కటీ. నేను వెళ్లి ఆ అక్కకూ, వాళ్ల గైడుకూ అది చేసింది నేనేనని చెప్పాను. మళ్లీ మొదటినుంచి ప్రయోగం చేస్తుంటే రోజూ వెళ్లి ఆ అక్కకు గిన్నెలు కడిగిపెట్టాను. ఏ ఉద్యోగంలోనూ నేను అంత కుదురుగా లేను.

చదువు అయిపోయింది. మాస్టర్ రిటైరయ్యారు. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు, గదికి తాళం పడింది. నేను ఒక మందుల కంపెనీ ల్యాబులో చేరాను. రోజంతా మిషను చెప్పిన అంకె కాగితం మీద రాయడం. మానేశాను. తర్వాత కంప్యూటర్ ముందు ఇంకో ఉద్యోగం, అదీ మానేశాను. ఇంట్లో పెద్ద గొడవ. కానీ ఈ రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా మానకుండా చేసిన పని ఒకటుంది. ఆదివారం ఆదివారం లాలాగూడ వెళ్లడం. అక్కడ మాస్టర్ తన ఇంటి వెనక రేకుల షెడ్డులో మంట పెట్టుకున్నారు. కాలేజీలవాళ్లు పగిలినవి తెచ్చేవారు. మా ఇంట్లో ఎవరూ దాన్ని నిలకడ కింద లెక్కవేయలేదు. "ఆదివారమైనా ఇంట్లో ఉండదు," అని దాన్నీ నేరాల్లోనే రాసుకున్నారు.

చివరి ఏడాది ఆయన చెయ్యి వణకడం మొదలైంది. మొదట దాచారు. ఒకరోజు గొట్టం మెలిక పడ్డాక, మంట తగ్గించి, "ఎడమ దిక్కు నువ్వు పట్టు," అన్నారు. అప్పటినుంచి ఒక్కో గొట్టాన్ని ఇద్దరం చెరోవైపు పట్టుకుని తిప్పేవాళ్లం. ఊదడం ఆయనది. ఇద్దరి చేతులూ ఒకే వేగంతో తిరగాలి. మాటలు అక్కర్లేకుండానే తిరిగేవి. మాస్టర్ భార్యను నేను ఆంటీ అంటాను. ఆవిడ టీ తెచ్చి గుమ్మంలో నిలబడి, "ఏందయ్యా, ఇద్దరు కలిసి ఒక్క మనిషి పని చేస్తున్నరా?" అనేవారు. "ఒక్క మనిషి తయారైతున్నడే, జర ఆగు," అనేవారు ఆయన.

ఆఖరి ఆదివారం నాకు ఒక కండెన్సర్ ముక్కలిచ్చి, తను ముట్టుకోకుండా స్టూలు మీద కూర్చున్నారు. పగిలింది కూడా నేను మొదట తీసుకెళ్లినదానిలాగే, గుండ్రంగా. "ఏంది, ఎట్ల పగిలిందో చెప్పు," అన్నారు. "ఎవరో తొందర మనిషి బిగించింది," అన్నాను. నవ్వారు. గొట్టం అంచు వెలుతురులో చూశాను. అతికాను. చివర్లో మెత్తటి మంటలో మసి పట్టేదాకా తిప్పి, నెమ్మదిగా చల్లారడానికి వేడి బూడిద డబ్బాలో పెట్టాను. ఆయన ఏ లోపమూ చెప్పలేదు, బాగుందనీ అనలేదు. ఆర్పిన మంట ముందు బల్ల మీద చేతులు బోర్లించబోయి, ఆగి, నన్ను పెట్టమని సైగ చేశారు. పెట్టాను. బల్ల ఇంకా వేడిగా ఉంది.

"రేపు రా," అన్నారు.

నేను వెళ్లలేదు. సోమవారం ఆ కంపెనీ ఇంటర్వ్యూ. తర్వాత రెండో రౌండు, మూడో రౌండు. మధ్యలో వచ్చిన ఆదివారాలు కూడా వాటికి చదువుకోవడంలో పోయాయి. రెండేళ్లలో మొదటిసారి మానాను. తార్నాక నుంచి లాలాగూడ ఎంత దూరమని? ఆటోలో పది నిమిషాలు. మూడో మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్. నిద్రలోనే పోయారు.

కంపెనీ ఉత్తరం గురువారం వచ్చింది. ఉద్యోగం వచ్చింది. నాన్న స్వీట్లు తెచ్చారు. నేను తిన్నాను కూడా, అబద్ధమెందుకు.

పదకొండో రోజు లాలాగూడ వెళ్లాను. జనం పల్చబడ్డాక ఆంటీ నన్ను షెడ్డులోకి తీసుకెళ్లారు. కిటికీ కింద చెక్క పలక మీద నా కండెన్సర్ ఉంది, మసి తుడిచి, మెత్తటి గుడ్డ మీద. పక్కన పలక మీద సుద్దముక్కతో నిలువు గీతలు, వరసగా.

"నువ్వు రేపొస్తవని పొద్దుగాల్నే తీసి పెట్టిండు బిడ్డా," అన్నారు ఆంటీ. "నువ్వు రాలె. ఫోన్ చెయ్యయ్యా అంటె, వద్దు, పనిల ఉంటది అన్నడు. రోజు లేవంగనే మొహం గూడ కడగకుంట గీడికొచ్చి చూసేటోడు. పగల్లే, పగల్లే అనుకుంట ఒక గీత గీసి అప్పుడు చాయ్ తాగేటోడు."

గీతలు లెక్కపెట్టాను. పదిహేను. ఆయన చూసిన పదిహేను ఉదయాలు. ఆ తర్వాతివి ఎవరూ గీయలేదు, అయినా అది పగల్లేదు. కిటికీలోంచి ఎండ దాని మీద పడుతోంది. అతుకు ఎక్కడుందో వేలితో తడిమితే తప్ప తెలియడం లేదు.

ఆంటీ గోడకున్న మేకు నుంచి ఊదా రంగు కళ్లద్దాలు తీసి నా చేతిలో పెట్టారు. "గీ సామానంత ఏం చెయ్యాలె బిడ్డా? పాతసామాన్లోనికి ఇయ్యాల్నా?"

రేపు చెబుతానన్నాను. ఇంటికొచ్చాక, ఆ షెడ్డు నేనే నడుపుతానని నాన్నతో చెప్పాను. ఆయన అరవలేదు, అదే ఎక్కువ కష్టమైంది. "నేను ముప్పై ఏళ్లు ఇష్టం లేని కుర్చీలో కూర్చున్నానమ్మా. నువ్వు అలా కూర్చోకూడదనే చదివించాను. ఇంత చదువుకుని గాజు పెంకులా? నీకున్న అదృష్టం..." అని ఆగిపోయారు.

"తెలుసు నాన్నా," అన్నాను. "మీరు చదివించకపోతే నేను ఆ డిపార్ట్‌మెంట్‌కే వెళ్లేదాన్ని కాదు. ఆయన కంట పడేదాన్నీ కాదు. నాకు చాలా బాగా తెలుసు."

అమ్మ నా చేతులకేసి చూసింది. "ఆ చేతులు తిప్పడం దీనికోసమా అయితే?" అంది. అవునన్నాను. ఇంకా ఒప్పుకోలేదు ఇద్దరూ. రోజూ పొద్దున కాఫీ దగ్గర ఆ విషయం మళ్లీ వస్తుంది.

మాస్టర్ చేసినవాటిలో సగం నాకు రావు. వచ్చినవి చేస్తాను, రానివి రావని చెబుతాను. కంపెనీకి చేరడం లేదని రాసేశాను. వచ్చే ఒకటో తారీఖు నుంచి పొద్దున తొమ్మిదింటికి లాలాగూడ షెడ్డులో ఉంటాను. పగిలినవి ఉంటే తీసుకురండి. ఎలా పగిలిందో చెప్పాలి. వస్తువు మాత్రం మర్నాడే ఇస్తాను.